ఊడిన పన్నుకు అరగంటే గడువు



ఈ నెల మేము ఒక చిన్న విషయాన్ని గురించి రాయదలచాము. విషయం చిన్నదే అయినా, దానిని తెలుసుకోకపోవడం వల్ల మా చేతుల మీదుగా జరిగిన నష్టం మాత్రం చిన్నది కాదు. తప్పు మాది కనుక ముందుగా దానిని చెప్పుకోవడమే న్యాయం.

దాదాపు 12 ఏళ్ళ క్రితం నాటి మాట. మా మదర్సాలో హిఫ్జ్ చదువుతున్న 11 ఏళ్ళ బాలుడొకడు జుహ్ర్ నమాజు కోసం వుజూ చేసుకుని, తడి కాళ్ళతో పరుగెత్తుతూ హౌజు గట్టు మీద జారి బోర్లా పడ్డాడు. పై వరుసలోని ముందరి పన్ను ఒకటి వేరుతో సహా ఊడి నేల మీద పడింది. నోరంతా నెత్తురు. మేము ఆ బిడ్డను దగ్గరకు తీసుకుని, నోటికి శుభ్రమైన గుడ్డ అదిమిపెట్టి, భయపడవద్దని ధైర్యం చెప్పాము. అంతవరకు చేసినది సరైనదే. ఆ తరువాత చేసినదంతా పొరపాటే.

పన్నుకు మట్టి అంటుకుని ఉంది. పరిశుభ్రత పట్ల ఉన్న శ్రద్ధ కొద్దీ దానిని కుళాయి కింద పట్టి, సబ్బు రాసి, వేరును వేళ్ళతో గట్టిగా రుద్ది, తెల్లగా మెరిసేలా కడిగాము. కాగితంలో చుట్టి కమీజు జేబులో వేసుకున్నాము. నెత్తురు ఆగింది కనుక గండం గడిచిందనుకున్నాము. తండ్రికి కబురు పంపాము. ఆయన పొరుగూరిలో కూలి పనిలో ఉన్నారు. ఆయన వచ్చేసరికి అస్ర్ దాటింది. ముగ్గురమూ పట్టణంలోని దంతవైద్యుని వద్దకు చేరేసరికి మగ్రిబ్ అజాన్ వినిపిస్తోంది.

ఆ వైద్యుడు మమ్మల్ని రెండే ప్రశ్నలు అడిగారు. పన్ను ఎన్ని గంటలకు ఊడింది? ఇంతవరకు దేనిలో ఉంచారు? మేము జేబులోంచి కాగితం పొట్లం తీసి ఆయన చేతికిచ్చాము. ఆయన దానిని విప్పి చూసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "మౌలానా గారూ, పన్నును జాగ్రత్తగానే తెచ్చారు. కానీ దాని ప్రాణం మధ్యాహ్నమే పోయింది" అన్నారు. అయినా ఆ పన్నును తిరిగి గుంటలో అమర్చి, పక్క పళ్ళకు కట్టారు. ఇది కొన్నేళ్ళకు మించి నిలవకపోవచ్చునని తండ్రికి ముందే చెప్పారు. ఆయన చెప్పినట్లే జరిగింది. బాలుడు ఎదుగుతున్న కొద్దీ పక్క పళ్ళు కిందికి దిగాయి, ఆ పన్ను మాత్రం ఉన్నచోటనే ఉండి పొట్టిదానిలా కనిపించసాగింది. నాలుగేళ్ళ తరువాత వేరు పూర్తిగా కరిగి, పన్ను చేతికి వచ్చింది.

తజ్వీద్ చెప్పేవారికి ఈ నష్టం మరింత బాగా తెలుస్తుంది. సే, జాల్, జోయ్ అనే మూడు అక్షరాలు నాలుక కొన పై ముందరి పళ్ళ అంచును తాకినప్పుడే పుడతాయి. ఫే అక్షరానికి ఆ పళ్ళ అంచు కింది పెదవిని తాకాలి. ఎంతో శ్రావ్యంగా పారాయణం చేసే ఆ బాలుడు, పన్ను పోయిన తరువాత ఆ అక్షరాల వద్దకు వచ్చేసరికి గొంతు తగ్గించేవాడు. నవ్వు వస్తే చేయి అడ్డం పెట్టుకునేవాడు. అతను ఏనాడూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆ తండ్రీ అనలేదు. అందుకే ఆ విషయం మా మనసులో అలాగే నిలిచిపోయింది.

రాయిలా కనిపించే పన్నులో ప్రాణమేమిటని అప్పట్లో మాకూ అనిపించింది. తరువాత అడిగి, చదివి తెలుసుకున్నాము. పన్ను దవడ ఎముకలో మేకులా దిగగొట్టబడి ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య సన్నని పోగులతో కూడిన ఒక పలుచని పొర ఉంటుంది. అదే పన్నును ఎముకతో కలిపి పట్టి ఉంచుతుంది. నమిలేటప్పుడు పడే ఒత్తిడిని ఓర్చుకునేదీ అదే. పన్ను దెబ్బ తగిలి ఊడినప్పుడు ఆ పొర తెగి, దానిలో కొంత భాగం వేరును అంటిపెట్టుకుని బయటికి వస్తుంది. అందులో జీవకణాలుంటాయి. అవి బతికి ఉండగా పన్నును గుంటలో తిరిగి పెడితే, తెగిన పోగులు మళ్ళీ అతుక్కుంటాయి. అవి చచ్చిపోతే ఎముక వేరును క్రమంగా కరిగించి, ఆ చోటును తాను ఆక్రమించుకుంటుంది.

వరి పండించే ఇళ్ళలో పెరిగినవారికి దీనిని వివరించి చెప్పనక్కరలేదు. నారు పీకిన తరువాత నాటే వరకు రైతు దాని వేళ్ళను ఎండనివ్వడు. గట్టు మీద ఎండకు వదిలేసిన నారును ఎంత శ్రద్ధగా నాటినా అది పాతుకోదు. మేము ఆనాడు సరిగ్గా అదే పని చేశాము. సబ్బుతో రుద్ది ఆ పొరను ఊడగొట్టాము. మిగిలినదానిని జేబులో ఎండబెట్టాము.

ఇక్కడ కాలం లెక్క చాలా ముఖ్యం. దంత గాయాలపై పనిచేసే అంతర్జాతీయ వైద్యుల సంఘం 2020లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం, పన్నును అక్కడికక్కడే గానీ సుమారు 15 నిమిషాలలోపు గానీ తిరిగి గుంటలో పెడితే ఆ కణాలు చాలా వరకు బతికి ఉండే అవకాశముంది. పాలు వంటి తగిన ద్రవంలో ఉంచి, పొడిగా ఉన్న సమయం మొత్తం 60 నిమిషాలు మించకుండా చూస్తే, కణాలు దెబ్బతిన్నా కొంత ఆశ మిగులుతుంది. పొడిగా 60 నిమిషాలు దాటితే ఇక అవి బతకవనే లెక్క. 1966లో డెన్మార్కుకు చెందిన ఆండ్రియాసెన్, యోర్టింగ్ హాన్సెన్ అనే వైద్యులు ప్రమాదాలలో ఊడి తిరిగి అమర్చిన 110 పళ్ళను పరిశీలించి ఒక అధ్యయనం ప్రచురించారు. అరగంటలోపు అమర్చిన పళ్ళలో నూటికి 90 వేరు కరగకుండా నిలిచాయి. రెండు గంటలు దాటిన తరువాత అమర్చినవాటిలో నూటికి 95 పళ్ళ వేర్లు కరగసాగాయి. పన్ను అదే, వైద్యమూ అదే. వాటి భవిష్యత్తును తేల్చినది నడుమ గడిచిన కాలమే.

ఆలోచిస్తే దీనిలోని అసలు సంగతి ఇది: ఆ తొలి అరగంటలో బిడ్డ పక్కన వైద్యుడు ఉండడు. తల్లి ఉంటుంది, అన్న ఉంటాడు, ఉస్తాద్ ఉంటాడు, ఆటస్థలంలో తోటి పిల్లలుంటారు. కాబట్టి పన్ను నిలుస్తుందా పోతుందా అనేది ఆసుపత్రికి చేరకముందే, వైద్యం తెలియని మన చేతులలో తేలిపోతోంది. అందుకే ఇది ప్రతి ఇంట్లో ముందుగా తెలిసి ఉండవలసిన విషయం.

ఏమి చేయాలో వరుసగా చెబుతాము. బిడ్డ స్పృహ తప్పినా, వాంతులు చేసుకున్నా, మగతగా ఉన్నా, తలకు బలమైన దెబ్బ తగిలిందని అనుమానమున్నా పన్ను సంగతి తరువాత. ముందు 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాలి. అటువంటిదేమీ లేకపోతే వెంటనే పన్నును వెతకాలి. దొరికిన పన్నును నోటిలో పైకి కనిపించే తెల్లని భాగం వద్దనే పట్టుకోవాలి. వేరును తాకరాదు, రుద్దరాదు, గుడ్డతో తుడవరాదు, సబ్బు గానీ డెట్టాల్ గానీ వాడరాదు. మట్టి ఉంటే పాలతో, అవి లేకపోతే కొద్ది క్షణాలపాటు చల్లని మంచినీటి ధార కింద పైపైన కడగాలి.

తరువాత పన్నును అది ఊడిన గుంటలోనే, పక్క పన్నును చూసి ముందు వెనుకలు సరిచూసుకుని, మెల్లగా పెట్టి వేలితో నొక్కాలి. ఈ మాట వినగానే చాలామందికి చేతులు వణుకుతాయి. మాకూ వణుకుతాయి. కానీ దెబ్బ తగిలిన తొలి నిమిషాలలో ఇది చాలామంది అనుకునేంత కష్టం కాదని వైద్యులు చెబుతారు. గుంటలో పెట్టిన తరువాత మడిచిన చేతిరుమాలును బిడ్డ మెల్లగా కొరికి పట్టుకునేలా చేసి, దంతవైద్యుని వద్దకు బయలుదేరాలి.

ధైర్యం చాలకపోయినా, బిడ్డ ఒప్పుకోకపోయినా, పన్నును వెంటనే పాలలో వేయాలి. పంచదార కలపని, వేడిగా లేని మామూలు పాలు చాలు. తెలుగు నేలపై పాల ప్యాకెట్టు దొరకని వీధి అరుదు. పాలు దొరకకపోతే బిడ్డ చేత గిన్నెలో ఉమ్మి వేయించి, ఆ ఉమ్మిలో పన్నును ఉంచవచ్చు. ఆసుపత్రులలో వాడే సెలైన్ ద్రవం కూడా పనికివస్తుంది. నీళ్ళలో నానబెట్టడం మంచిది కాదు, నీటిలో ఆ కణాలు ఉబ్బి పగిలిపోతాయి. అయితే మరేమీ లేనప్పుడు పొడిగా ఎండనివ్వడం కంటే నీళ్ళే నయం. కాగితం, దూది, జేబు, చేతిరుమాలు మాత్రం ఎన్నటికీ వద్దు.

ఒక ముఖ్యమైన మినహాయింపును గుర్తుంచుకోవాలి. పాలపన్ను ఊడితే దానిని తిరిగి గుంటలో పెట్టరాదు. దాని వెనుక తయారవుతున్న శాశ్వత దంతపు మొలకకు దెబ్బ తగులుతుంది. సాధారణంగా పై ముందరి శాశ్వత దంతాలు ఏడెనిమిదేళ్ళ వయసులో వస్తాయి. కాబట్టి ఐదేళ్ళ బిడ్డకు ఊడినది పాలపన్నే అయి ఉంటుంది. తొమ్మిదేళ్ళ బిడ్డకు ఊడిన ముందరి పన్నును శాశ్వత దంతంగానే భావించాలి. ఏ పన్నో తేల్చుకోలేకపోతే పాలలో వేసి వైద్యుని వద్దకు తీసుకువెళ్ళడం క్షేమం. తీవ్రమైన గుండె జబ్బు ఉన్న పిల్లల విషయంలోనూ, రోగనిరోధక శక్తి తగ్గిన పిల్లల విషయంలోనూ అలాగే చేసి, నిర్ణయాన్ని వైద్యునికి వదలాలి.

పన్ను ఊడకుండా విరిగినా, పక్కకు ఒరిగినా, లోపలికి దిగినా ఆలస్యం మంచిది కాదు. విరిగిన ముక్కను పాలలోనో నీళ్ళలోనో తడిగా ఉంచి వెంట తీసుకువెళితే, వైద్యులు చాలాసార్లు ఆ ముక్కనే తిరిగి అతికించగలుగుతారు. విరిగినచోట ఎర్రని చుక్క కనిపిస్తే పన్ను లోపలి నరం బయటపడిందని అర్థం. దానికి త్వరగా మందు పెట్టి మూసివేస్తే, ముఖ్యంగా చిన్న పిల్లలలో, నరాన్ని బతికించవచ్చు. ఊడిన పన్ను గానీ విరిగిన ముక్క గానీ ఎంత వెతికినా కనిపించకపోతే ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. అది పెదవిలో దిగబడి ఉండవచ్చు, శ్వాసనాళంలోకి జారి ఉండవచ్చు. ఎక్స్‌రే తీస్తే గానీ తెలియదు.

ఇక కొందరి మనసులో మెదిలే ఒక సందేహం ఉంది. శరీరం నుండి వేరైన భాగాన్ని తిరిగి శరీరంలో పెట్టడం ధర్మసమ్మతమేనా అని. ఈ చర్చ కొత్తది కాదు. హనఫీ ధర్మశాస్త్ర గ్రంథం బదాయిఉస్సనాయిలో ఇమామ్ కాసానీ దీనిని ప్రస్తావించారు. ఊడిన పన్నును తిరిగి అమర్చడాన్ని ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ ముహమ్మద్ అయిష్టకరంగా భావించగా, మనిషి సొంత పన్ను విషయంలో అభ్యంతరం లేదని ఇమామ్ అబూ యూసుఫ్ అభిప్రాయపడ్డారు. మన కాలానికి వస్తే, జెడ్డాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1988లో, ఒకే మనిషి శరీరంలోని భాగాన్ని అతనికే తిరిగి అమర్చడానికి, నష్టం కంటే ప్రయోజనం ఎక్కువగా ఉండాలన్న షరతుతో అనుమతినిచ్చింది. ఇంకా సందేహం మిగిలినవారు తమ ప్రాంతపు ముఫ్తీ గారిని ఈ వారంలోనే అడిగి తెలుసుకోవాలి. బిడ్డ నోట నెత్తురు కారుతున్నప్పుడు ఫత్వా కోసం వెతకడానికి సమయం ఉండదు.

పళ్ళ చికిత్స మన పూర్వీకులకు పరాయిది కాదు. వెయ్యేళ్ళ క్రితం అందలూసియాలో జీవించిన అబుల్ ఖాసిం జహ్రావీ తన అత్తస్రీఫ్ గ్రంథంలో కదిలిన పళ్ళను బంగారు తీగతో పక్క పళ్ళకు కట్టే విధానాన్ని వివరించారు. నేడు వైద్యులు సన్నని లోహపు తీగతో చేసే పని మూలంలో అదే. హిజ్రీ 3వ సంవత్సరంలో ఉహుద్ మైదానంలో దైవప్రవక్త (స) వారి పన్ను విరిగి, ముఖం గాయపడినప్పుడు, హజ్రత్ అలీ (రజి) నీళ్ళు పోయగా హజ్రత్ ఫాతిమా (రజి) గాయాన్ని కడిగారు. నెత్తురు ఆగకపోవడం చూసి చాప ముక్కను కాల్చి ఆ బూడిదను గాయానికి అద్దారు. ఇంటికి చేరే వరకు ఎవరూ ఆగలేదు. ఆ కాలానికి తెలిసిన చికిత్స ఆ చోటనే, ఆ క్షణానే జరిగింది. ఏటా ఈ ఘట్టాన్ని విద్యార్థులకు చెప్పే మేమే, మా కళ్ళ ముందు బిడ్డ పడిన రోజున అస్ర్ దాకా ఆగాము.

ఎందుకు ఆగుతామో మాకు తెలుసు. నెత్తురు ఆగిపోతే చాలనుకుంటాము. ఇంటాయన దుకాణం నుండి రావాలనో, గల్ఫ్‌లో ఉన్న బిడ్డ తండ్రికి ఫోన్ కలవాలనో ఎదురుచూస్తాము. ఖర్చెంతవుతుందోనని వెనుకాడతాము. పన్ను పోతే పోయింది, కన్ను పోలేదు కదా అని సరిపెట్టుకుంటాము. ఖర్చు మాటకొస్తే హైదరాబాదులో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలున్నాయి. దూరంలో ఉన్నవారు దగ్గరలోని ఏ దంతవైద్యుని వద్దనైనా ముందు పన్నును గుంటలో నిలబెట్టించుకుని, మిగిలిన చికిత్సను తరువాత అక్కడ కొనసాగించవచ్చు. అనుమతి మాటకొస్తే, బిడ్డ ప్రమాదంలో ఉన్నప్పుడు తల్లి ఎవరి అనుమతి కోసమూ ఆగనక్కరలేదని ప్రతి భర్తా తన ఇంట్లో ముందే చెప్పి ఉంచాలి. మదర్సాలో పిల్లలను చేర్చుకునే రోజునే తల్లిదండ్రుల నుండి ఆ మేరకు సమ్మతి తీసుకోవడం మేము ఆ తరువాత అలవాటు చేసుకున్నాము.

ఆసుపత్రికి చేరడంతో పని పూర్తి కాదు. వైద్యుడు పన్నును సాధారణంగా రెండు వారాలపాటు పక్క పళ్ళకు కట్టి ఉంచుతారు. ధనుర్వాతం టీకా అవసరమో లేదో చూస్తారు. వేరు పూర్తిగా ఏర్పడిన పన్నుకు సాధారణంగా ఆ రెండు వారాలలోపే రూట్ కెనాల్ చికిత్స మొదలుపెడతారు. వేరు ఇంకా ఎదుగుతున్న చిన్న పిల్లలలో నరం తిరిగి చైతన్యం పొందుతుందేమోనని గమనిస్తారు. ఆ రెండు వారాలూ మెత్తని అన్నం, ఖిచిడీ వంటివి పెట్టాలి. మిస్వాక్‌ను కొన్నాళ్ళు పక్కన పెట్టి, మెత్తని బ్రష్షుతో శుభ్రం చేయించాలి. నొప్పి తగ్గిందని మధ్యలో మానివేయరాదు. వేరు కరగడం నొప్పి లేకుండానే మొదలవుతుంది కనుక, పిలిచినప్పుడల్లా కనీసం ఐదేళ్ళపాటు చూపించుకుంటూ ఉండాలి.

గత సంవత్సరం మా వీధిలో తొమ్మిదేళ్ళ బాలిక సైకిల్ మీది నుండి పడింది. ముందరి పన్ను ఊడింది. ఆమె తల్లి మా మదర్సాలో జుమా నాటి మహిళల సమావేశానికి వస్తూ ఉంటారు. మా అనుభవాన్ని మేము అక్కడ ఒకసారి చెప్పి ఉన్నాము. ఆమె గుంటలో పెట్టడానికి జంకారు గానీ, పన్నును గ్లాసెడు పాలలో వేసి, భర్త కోసం చూడకుండా, పక్కింటి అబ్బాయి ఆటోలో బయలుదేరారు. 40 నిమిషాలలో వైద్యుని ముందున్నారు. ఇప్పటికి ఏడాది దాటింది. పన్ను గట్టిగానే ఉందని, వేరు కరిగే గుర్తులు ఎక్స్‌రేలో కనిపించడం లేదని వైద్యులు చెప్పారట. మున్ముందు ఏమవుతుందో అల్లాహ్‌కే తెలుసు. ఆ తల్లి మాత్రం తాను చేయవలసినది చేశారు.

మొన్న ఆమె మాతో, "హజ్రత్, మీరు చెప్పకపోతే నేనూ కాగితంలోనే చుట్టేదాన్ని" అన్నారు. ఆ మాట విన్నప్పుడు మాకు సంతోషంతో పాటు ఆనాటి బాలుడే గుర్తుకొచ్చాడు. అతనిప్పుడు ఒక మస్జిదులో ఇమామత్ చేస్తున్నాడు. కట్టుడు పన్ను పెట్టించుకున్నాడు. ఈ వ్యాసం రాసేముందు ఫోన్ చేసి, నీ సంగతి రాయవచ్చునా అని అడిగాము. "రాయండి హజ్రత్, మా మస్జిదు గోడ మీద కూడా అంటిస్తాను" అన్నాడు.

పాఠకులను మేము కోరేది కూడా అంతే. ఈ పుటను చదివి పక్కన పెట్టకుండా, మీ ఇంట్లో పిల్లలను కూర్చోబెట్టి ఒకసారి చెప్పండి: తెల్లని భాగం పట్టుకోవాలి, వేరును రుద్దరాదు, గుంటలో పెట్టాలి, లేదా పాలలో వేయాలి, వెంటనే బయలుదేరాలి. దగ్గరలోని దంతవైద్యుని ఫోన్ నంబరును గోడ మీద రాసి ఉంచండి. మన శరీరం మన వద్ద ఉన్న అమానతు. మన బిడ్డల శరీరాలు అంతకంటే పెద్ద అమానతు. తెలియక చేసిన తప్పులను అల్లాహ్ మన్నించుగాక! తెలిసిన తరువాత ఆలస్యం చేయకుండా మనల్ని కాపాడుగాక! ఆమీన్.